పక్కన మనముంటాం, నిద్ర పాపదే
పాఠకుల ప్రశ్నలు – పిల్లల వైద్యుని జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పసిపిల్లల రాత్రి నిద్ర గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటిని ఎంచుకున్నాం. మొదటి ఉత్తరానికి జవాబు కొంచెం పొడుగైంది. మిగిలిన జవాబులకు కూడా అందులోని విషయమే ఆధారం కనుక దాన్ని కుదించలేదు.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదో నెల నిండింది. నా దగ్గర పాలు తాగుతూ నిద్రపోతుంది, లేదంటే మా అత్తయ్యగారు చీర ఉయ్యాలలో వేసి ఊపాలి. నిద్రపోయింది కదా అని మంచం మీదికి మారిస్తే అరగంటలో లేస్తుంది. తెల్లవారేలోగా ఐదారుసార్లు లేచి, ప్రతిసారీ పాలిస్తేనే మళ్ళీ పడుకుంటుంది. వచ్చే నెల నేను ఆఫీసులో చేరాలి. ఏడ్చినా పట్టించుకోకుండా వదిలేస్తే మూడు రోజుల్లో అలవాటవుతుందని స్నేహితురాలు అంటోంది. కానీ పాప ఏడిస్తే అత్తయ్యగారు ఒక్క క్షణం ఆగలేరు, నిజానికి నేనూ ఆగలేను. తనంతట తాను నిద్రపోవడం పాపకు నేర్పవచ్చా? రాత్రి పాలు మాన్పించాలా? మాది రెండు పడకగదుల ఇల్లు. పాపకు వేరే గది ఇవ్వలేము.
– ఒక పాఠకురాలు, మియాపూర్, హైదరాబాదు

జవాబు: నేర్పవచ్చునమ్మా. అందుకు వేరే గది అక్కర్లేదు, గుక్కపట్టి ఏడ్చేదాకా వదిలేయనక్కర్లేదు. తనంతట తాను నిద్రలోకి జారుకోవడం బిడ్డ నేర్చుకోగలిగిన పని. ఎక్కడ, ఎవరి పక్కన పడుకోవాలన్నది ఆ ఇంటి వీలును బట్టి పెద్దలు చేసుకునే ఏర్పాటు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసి, పిల్లలకు నిద్ర నేర్పడమంటే వాళ్ళను వేరే గదిలో పెట్టి తలుపు మూయడమేనని చాలామంది భయపడుతున్నారు. అమ్మ, నాన్న, నానమ్మ అందరూ ఒకే గదిలో పడుకునే ఇళ్ళలో కూడా పిల్లలు చక్కగా తమంతట తామే నిద్రపోవడం నేర్చుకుంటారు.

ముందుగా పాప ఎందుకు అన్నిసార్లు లేస్తుందో చూద్దాం. రాత్రంతా ఒక్క మెలకువ కూడా లేకుండా నిద్రపోయే మనిషి లేడు. మనం కూడా మధ్యమధ్య పక్కకు ఒత్తిగిల్లి, దుప్పటి సర్దుకుని మళ్ళీ పడుకుంటాం. తెల్లవారితే అది గుర్తుండదు. నిద్ర గాఢమై మళ్ళీ పలచబడే ఈ చుట్టు పసిపిల్లల్లో మనకంటే చిన్నది. ఈ వయసులో సుమారు గంటకోసారి నిద్ర పలచబడి, బిడ్డ సగం మెలకువలోకి వస్తుంది. ఆ క్షణంలో తన చుట్టూ ఉన్నవి తాను కళ్ళు మూసుకున్నప్పుడు ఉన్నట్టే ఉంటే తిరిగి నిద్రలోకి వెళ్ళిపోతుంది. మీ పాప కళ్ళు మూసుకున్నప్పుడు నోట్లో పాలున్నాయి, లేదా ఒళ్ళు ఊగుతూ ఉంది. కళ్ళు తెరిచేసరికి ఆ రెండూ లేవు, పైగా పడుకున్న చోటు కూడా మారిపోయింది. కనుక పాప మొండితనంతో ఏడవడం లేదు, మీరు గారాబం చేసి చెడగొట్టిందీ లేదు. నిద్ర పట్టడానికి ఆమెకు తెలిసిన దారి ఒక్కటే, ఆ దారి మీ చేతుల్లో ఉంది, అందుకే మిమ్మల్ని పిలుస్తోంది.

దీన్నిబట్టి మనం మార్చవలసింది అర్ధరాత్రి మెలకువలను కాదని తెలుస్తుంది. మార్చవలసింది రాత్రి మొదట నిద్ర పట్టే ఆ పది ఇరవై నిమిషాలను. సాయంత్రం పడుకునేటప్పుడు పాప తన పక్క మీద, కళ్ళు తెరిచి ఉండగానే పడుకుని, అక్కడే నిద్రపోవడం అలవాటైతే, అర్ధరాత్రి మెలకువలు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో ఏ కొత్త పద్ధతినీ మొదలుపెట్టకండి. ఆ వేళ బిడ్డకూ ఓపిక ఉండదు, మీకూ ఉండదు.

మొదలుపెట్టే ముందు ఒకసారి మీ పిల్లల డాక్టరుకు చూపించండి. బరువు సరిగా పెరుగుతోందా, చెవిలో నొప్పి ఉందా, ముక్కు దిబ్బడ ఉందా, చర్మం దురద పెడుతోందా అన్నవి చూడాలి. రక్తంలో ఇనుము తక్కువైన పిల్లలకు కూడా నిద్ర కలతగా ఉంటుంది. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇస్తారు. పాపకు అది అందుతోందో లేదో డాక్టరునో ఆశా కార్యకర్తనో అడగండి. నిద్రలో గురక పెడుతున్నా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నట్టు అనిపించినా ముందు దానికి వైద్యం జరగాలి. పళ్ళు వస్తున్నాయి కాబట్టి నిద్ర లేదని మాత్రం నెలల తరబడి సరిపెట్టుకోకండి. పన్ను బయటపడే ఆ రెండు మూడు రోజులు చికాకు ఉండవచ్చు, అంతకుమించిన దానికి వేరే కారణం వెతకాలి.

తరువాతిది వేళ. నాలుగు నెలల నుంచి పదకొండు నెలల వరకు పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఇళ్ళలో ఈ లెక్క తప్పేది ఎక్కువగా సాయంత్రం వేళల్లోనే. పదిహేడు దేశాలలో, ప్రాంతాలలో సుమారు 29,000 మంది చిన్నపిల్లల తల్లిదండ్రులను అడిగి 2010లో ప్రచురించిన ఒక పరిశీలనలో భారతదేశం కూడా ఉంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఆసియా దేశాలలో పిల్లలు బాగా ఆలస్యంగా పడుకుంటారనీ, మొత్తం నిద్ర కూడా తక్కువేననీ అందులో తేలింది. నాన్న తొమ్మిదిన్నరకు ఇల్లు చేరడం, ఆయన కోసం పాపను మేలుకొలిపి ఆడించడం, టీవీ పదకొండింటి దాకా మోగడం మన నగరాల్లో మామూలైపోయింది. వేళ దాటి బాగా అలసిపోయిన బిడ్డ తేలికగా నిద్రపోతుందని అనుకుంటాం గానీ, అలసట ఎక్కువైతే చిరాకు పెరిగి నిద్ర పట్టడం ఇంకా కష్టమవుతుంది. మీ పాపను ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య పడుకోబెట్టేలా చూడండి. సాయంత్రం కునుకు ఐదు దాటకుండా ముగిస్తే ఆ వేళకు నిద్ర వస్తుంది. తండ్రికి పాపతో గడిపే సమయం పోతుందని బాధగా ఉంటే, ఉదయం స్నానం చేయించి ఆడించే పని ఆయనకు అప్పగించండి. రాత్రి పది గంటలకు చిరాకుగా ఉన్న బిడ్డతో గడపడంకన్నా పొద్దున్నే నవ్వుతూ లేచిన బిడ్డతో అరగంట గడపడం ఆయనకూ సంతోషమే.

పడుకునే ముందు అరగంట ప్రతిరోజూ ఒకే వరుసలో జరగాలి. ఏడింటికల్లా పప్పన్నమో రాగిజావో పెట్టడం, గోరువెచ్చని నీళ్ళతో స్నానం లేదా ఒళ్ళు తుడవడం, కొద్దిగా నూనె రాసి మెల్లగా మర్దన చేయడం, మెత్తని నూలు బట్టలు వేయడం, పాలివ్వడం, గదిలో దీపం తగ్గించడం, జోలపాట, పక్క. వరుస మీ ఇష్టం. అది రోజూ మారకుండా ఉండడమే ముఖ్యం. 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 405 మంది తల్లులను పరిశీలించారు. వారిలో ఒక భాగం రెండు వారాల పాటు రోజూ ఇలా స్నానం, మర్దన, నెమ్మదైన పాట వంటివి ఒకే వరుసలో పాటించారు. వారి పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రి మెలకువలు తగ్గాయి, తల్లుల మనసు కూడా కుదుటపడింది. బిడ్డను ఏడిపించే పనేదీ అందులో లేదు కనుక, వేరే ఏమీ చేయలేని ఇళ్ళలో కూడా ఈ ఒక్కటి చేయమని నేను చెబుతాను. సాంబ్రాణి పొగ, దోమల బత్తి పొగ మాత్రం పాప పడుకునే గదిలో వద్దు, దోమతెర కట్టండి.

ఈ వరుసలో మీరు జాగ్రత్తగా మార్చవలసింది పాల చోటు. ఇప్పుడు పాలు చివర ఉన్నాయి, నిద్ర వాటికి అతుక్కుని ఉంది. పాలను ఇరవై నిమిషాలు ముందుకు జరిపి, హాల్లోనో కుర్చీలోనో దీపం వెలుగులో కూర్చుని ఇవ్వండి. ఆ తరువాత మూతి తుడిచి, పాటకూ పక్కకూ వెళ్ళండి. మధ్యలో కళ్ళు మూతపడుతుంటే మెల్లగా రొమ్ము తీసి, భుజాన వేసుకుని కాస్త మెలకువ తెప్పించండి. మొదటి నాలుగైదు రాత్రులు పక్క మీద వేయగానే పాప అభ్యంతరం చెబుతుంది. పక్కనే పడుకుని గుండెల మీద చెయ్యి వేసి జోకొట్టండి, అదే పాట పాడండి. ఏడుపు పెరిగితే ఎత్తుకోండి. శాంతించగానే, నిద్రపోకముందే తిరిగి పక్క మీద వేయండి. ఒక్కో రాత్రి ఇలా పదిసార్లు జరగవచ్చు, అది సహజం. పాప ఇలా పడుకోవడానికి అలవాటు పడ్డాక జోకొట్టడం ఆపి చెయ్యి ఊరికే ఆనించి ఉంచండి. మరి నాలుగు రోజులకు చెయ్యి కూడా తీసి పక్కన కూర్చోండి. ఆ తరువాత మంచం అంచుకు, ఆ పైన గదిలో మరో మూలకు జరగండి. ఒక్కో మెట్టుకు మూడు నాలుగు రాత్రులు ఇస్తే మూడు వారాల్లో చాలామంది పిల్లలు దారికొస్తారు. కొందరికి ఇంకా పడుతుంది.

ఉయ్యాల విషయంలోనూ ఇదే క్రమం. ముందు ఊపు తగ్గించండి, తరువాత నిద్ర పట్టకముందే ఊపు ఆపండి, ఆపైన పక్క మీదికి మార్చండి. పగటి కునుకులకు ఉయ్యాలను ఇప్పుడే మాన్పించకండి. పగలు పాపను చూసుకునేది మీ అత్తయ్యగారు కనుక రెండు మార్పులూ ఒకేసారి ఆవిడ మీద వేయడం న్యాయం కాదు. అయితే ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. ఎనిమిది నెలల బిడ్డ లేచి కూర్చుంటుంది, పట్టుకుని నిలబడబోతుంది. చీర ఉయ్యాలలో అలా చేస్తే పడిపోయే, బట్టలో మెలిపడే ప్రమాదం ఉంది. పైగా బట్ట వంపులో గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి అడ్డం రావచ్చు. అందుకే పగలు ఉయ్యాలలో ఉన్నంతసేపూ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. రాత్రి నిద్రకు అది తగదు.

రాత్రి పాలు పూర్తిగా మాన్పించమని నేను చెప్పను. రెండేళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించమనే ప్రపంచ ఆరోగ్య సంస్థా, మన ప్రభుత్వమూ చెబుతున్నాయి. తల్లి ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాక చాలామంది పిల్లలు పగలు తగ్గిన పాలను రాత్రి తాగి పూడ్చుకుంటారు కూడా. కానీ బరువు బాగా పెరుగుతూ, పగలు రెండు మూడుసార్లు అన్నం తింటున్న ఎనిమిది నెలల బిడ్డకు ఆరుసార్లు ఆకలి వేయదు. అర్ధరాత్రి దాటాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి పాలివ్వండి. ఆ రెండుసార్లూ కూడా పాప పూర్తిగా నిద్రపోకముందే పక్క మీదికి చేర్చండి. మిగిలిన మెలకువలకు పాప దగ్గరకు తండ్రి వెళ్ళి జోకొడితే మంచిది. మీ దగ్గర పాల వాసన ఉంటుంది, పాప దానికోసం వెతుకుతుంది; ఆయన దగ్గర ఆ ఇబ్బంది లేదు.

ఇక ఈ పని నిలబడేదీ పడిపోయేదీ మీ అత్తయ్యగారి దగ్గరే. ఆవిడకు చెప్పకుండా రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే, మొదటి ఏడుపుకే ఆవిడ వచ్చి ఎత్తుకుంటారు, మీకు కోపం వస్తుంది, పాపకు అయోమయం మిగులుతుంది. పగటిపూట ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. పాపను ఒంటరిగా వదలడం లేదనీ, ఏడిస్తే మన చేతుల్లోనే ఏడుస్తుందనీ చెప్పండి. ఆవిడ జోలపాటనే నిద్రకు గుర్తుగా పెట్టుకోండి, ఆ పాట వినగానే నిద్రవేళ అయిందని పాపకు తెలియాలి. ఇంట్లో అందరూ భరించగలిగిన నెమ్మదైన పద్ధతిని మూడు వారాలు పట్టుదలగా పాటించడం మేలు. కఠినమైన పద్ధతిని మొదలుపెట్టి మూడో రాత్రి నలభై నిమిషాల ఏడుపు తరువాత ఉయ్యాలలో వేస్తే, నలభై నిమిషాలు ఏడిస్తే ఉయ్యాల దొరుకుతుందని పాప నేర్చుకుంటుంది.

మీ విషయంలో సమయం కూడా చూసుకోవాలి. ఆఫీసులో చేరే వారం మొదలుపెట్టకండి. తల్లి పగలు కనిపించకపోవడమే ఆ వారం పాపకు పెద్ద మార్పు. చేరడానికి మూడు వారాలకు మించి వ్యవధి ఉంటే ఈ రోజే మొదలుపెట్టండి. లేదంటే చేరి ఒక నెల గడిచాక చూద్దురు గాని. తొమ్మిది నెలలు నిండగానే వేసే మీజిల్స్–రుబెల్లా టీకా తరువాతి రోజుల్లో, జ్వరం ఉన్నప్పుడు, ఊరి ప్రయాణం ముందు కూడా వద్దు. నేర్చుకున్నాక మధ్యలో జలుబు వచ్చో, పండక్కి ఊరెళ్ళో పాత అలవాటు తిరిగి వస్తే కంగారు పడకండి. రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు.

పక్క గురించి. అదే గదిలో, మీ మంచం పక్కనే, పాపకు వేరుగా గట్టి పరుపు ఉండడం అన్నిటికన్నా మంచిది. వెల్లకిలా పడుకోబెట్టండి, తనంతట తాను బోర్లా తిరిగితే పదేపదే తిప్పనక్కర్లేదు. చుట్టూ దిళ్ళు కోటలా పేర్చడం మనవాళ్ళకు బాగా అలవాటు, కానీ ఏడాదిలోపు బిడ్డ ముఖం వాటిలో కూరుకుపోయే అవకాశం ఉంది కనుక దిళ్ళు, బొంతలు, ఆవాల దిండు, బొమ్మలు అన్నీ తీసేయండి. మెడలో గొలుసు, తాడు వంటివి రాత్రి తీసి పెట్టండి. ఒకే మంచం మీద పడుకోక తప్పని ఇళ్ళలో పొగతాగేవాళ్ళు, మద్యం తీసుకున్నవాళ్ళు, మత్తు కలిగించే మందులు వాడేవాళ్ళు బిడ్డ పక్కన పడుకోకూడదు. సోఫాలో బిడ్డను పట్టుకుని నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం.

ప్రశ్న: నేను తెనాలి నుంచి న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వచ్చాను. మనవడికి పది నెలలు. వాణ్ణి వేరే గదిలో తొట్టిమంచంలో పడుకోబెట్టి, కెమెరాలో చూస్తూ, ఏడిస్తే మూడు నిమిషాలు, తరువాత ఐదు, ఆ తరువాత పది నిమిషాలు ఆగి లోపలికి వెళుతున్నారు. నేను వెళ్ళబోతే వద్దంటున్నారు. ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని, నాకు గుండె తరుక్కుపోతోంది. పిల్లవాడి మనసు దెబ్బతినదా?
– ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మగారూ, మీ బాధ నాకు అర్థమవుతోంది. మనవడి ఏడుపు విని కదలకుండా కూర్చోవడం ఏ అమ్మమ్మకూ తేలిక కాదు. అయినా మీ అమ్మాయి చేస్తున్నది నిర్దయ అని నేను అనలేను. ఆగే సమయాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యమధ్య వెళ్ళి ధైర్యం చెప్పి వచ్చే ఈ పద్ధతిని బోస్టన్‌కు చెందిన రిచర్డ్ ఫెర్బర్ అనే పిల్లల వైద్యుడు 1985 నుంచి ప్రచారంలోకి తెచ్చారు. అమెరికాలో చాలా కుటుంబాలు దీన్ని పాటిస్తున్నాయి.

మనసు దెబ్బతింటుందా అన్న మీ ప్రశ్ననే పరిశోధకులు కూడా వేసుకున్నారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఆరు నుంచి పదహారు నెలల వయసున్న 43 మంది పిల్లలపై జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. ఈ పద్ధతిలో నేర్చుకున్న పిల్లల లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ పెరగలేదనీ, ఏడాది తరువాత తల్లితో వాళ్ళ అనుబంధంలో తేడా కనిపించలేదనీ వారు గమనించారు. మెల్బోర్న్‌లో 326 మంది పిల్లలను ఆరేళ్ళ వయసు వరకు గమనించి 2012లో ప్రచురించిన మరో అధ్యయనంలో, నిద్ర నేర్పిన పిల్లలకూ నేర్పని పిల్లలకూ మధ్య ప్రవర్తనలో గానీ, తల్లిదండ్రులతో అనుబంధంలో గానీ తేడా లేదు. హాని కనిపించనట్టే, ఆరేళ్ళ వయసులో అదనపు లాభం కూడా కనిపించలేదని చెప్పడం న్యాయం. పసితనంలో ఆ ఇంటివాళ్ళకు కాస్త నిద్ర దొరకడమే దీనివల్ల కలిగే ప్రయోజనం. మొదటి అధ్యయనం చిన్నదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. కనుక ఈ పద్ధతి తప్పనిసరి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, పాపం అని అన్నా ఒప్పుకోను. ఆరు నెలల లోపు పిల్లలకు మాత్రం ఇది తగదు.

మీరు ముగ్గురిని పెంచిన రోజుల్లో రాత్రి రెండింటికి బిడ్డ లేస్తే ఎత్తుకోవడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవారు. తెల్లవారి మీరు నలభై మైళ్ళు కారు నడిపి ఉద్యోగానికి వెళ్ళవలసిన అవసరమూ బహుశా ఉండి ఉండదు. మన దేశంలో 2017 సవరణ తరువాత చట్టం కిందికి వచ్చే ఉద్యోగినులకు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల చొప్పున జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఉంది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే 1993 నాటి చట్టం ఇచ్చేది జీతం లేని 12 వారాలే. కొన్ని రాష్ట్రాలు, న్యూజెర్సీతో సహా, తమ వంతు కొంత భృతి ఇస్తున్నా అది కొద్ది వారాలే. మీరు తిరిగి తెనాలి వెళ్ళాక ఆ ఇంట్లో రాత్రులు గడపవలసింది వాళ్ళిద్దరే. మీరున్న ఆరు నెలలు ఒడిలో నిద్రపుచ్చి ఆ తరువాత వెళ్ళిపోతే, ఆ మార్పు బిడ్డకు ఇప్పటి ఏడుపుకన్నా కష్టం.

అందుకని రాత్రి లోపలికి వెళ్ళకండి, ఆ నిర్ణయం తల్లిదండ్రులది. సాయంత్రం మాత్రం మీరు అడిగి తీసుకోండి: స్నానం, నూనె, అన్నం, కథ, జోలపాట. పది నెలల వయసులో పిల్లలు అమ్మ కనపడకపోతే బెంగపడతారు. పగలు దోబూచులాట ఆడడం, గది బయటికి వెళ్ళి మాట వినిపిస్తూ తిరిగి రావడం వంటివి ఆ బెంగను తగ్గిస్తాయి, రాత్రి నిద్రకూ సాయపడతాయి. మీ అమ్మాయికి నా తరఫున ఒక మాట చెప్పండి. వాంతి చేసుకున్నా, జ్వరం ఉన్నా, ఏడుపు తీరు మామూలుగా లేకపోయినా గడియారం చూడకుండా వెంటనే వెళ్ళాలి. వారం, పది రోజులు గడిచినా ఏడుపు తగ్గకపోతే ఆ పద్ధతి ఈ పిల్లవాడికి సరిపడలేదని భావించి, పైన మియాపూర్ తల్లికి చెప్పినట్టు పక్కన కూర్చుని నేర్పే దారికి మారవచ్చు. మెల్బోర్న్ అధ్యయనంలో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి, ఏది కావాలో తల్లిదండ్రులే ఎంచుకున్నారు.

ప్రశ్న: మా బాబుకు ఏడు వారాలు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. ఇప్పటినుంచే క్రమశిక్షణ నేర్పితే మంచిదా? నా భార్య బాగా నీరసించిపోయింది.
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడు నేర్పడానికి ఏమీ లేదండి. పగలు రాత్రి తేడా తెలిపే శరీర గడియారం పిల్లలకు రెండు మూడు నెలల వయసులో గానీ కుదురుకోదు. ఈ వయసులో రెండు మూడు గంటలకోసారి ఆకలి వేయడం సహజం, అడిగినప్పుడల్లా పాలివ్వాలి. పొద్దున్నే కిటికీ తెరిచి వెలుతురు పడనివ్వండి, పగలు ఇంట్లో మాటలు, చప్పుళ్ళు మామూలుగా సాగనివ్వండి. రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న దీపం చాలు, పలకరింపులూ ఆటలూ వద్దు. నిద్రలో మూలిగినా, మెలికలు తిరిగినా వెంటనే ఎత్తకండి. పసికందుల నిద్రలో సగం అలాంటి కదలికల నిద్రే; ఒక నిమిషం ఆగితే చాలాసార్లు తిరిగి పడుకుంటారు. నాలుగు, ఐదు నెలలు వచ్చాక రోజుకు ఒక్కసారి, కళ్ళు మూతపడుతుండగా పక్క మీద వేసి చూడండి. అప్పటికి అది చాలు.

ప్రస్తుతం మీ ఇంట్లో నిద్ర కావలసింది బాబుకన్నా మీ భార్యకు. పాలు తాగాక త్రేన్పు తెప్పించడం, బట్టలు మార్చడం, తిరిగి పడుకోబెట్టడం మీరు తీసుకుంటే ఆమెకు ప్రతిసారీ అరగంట మిగులుతుంది. పగలు బాబు నిద్రపోయే ఒక వేళ ఆమె కూడా పడుకునేలా ఇంటి పనిని, వచ్చేపోయే చుట్టాలను మీరు చూసుకోండి. బాబు నిద్రపోతున్నప్పుడు కూడా ఆమెకు నిద్ర పట్టకపోయినా, రెండు వారాలకు మించి దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉన్నా అది బాలింతల్లో వచ్చే కుంగుబాటు కావచ్చు. అది నయమయ్యే జబ్బు. వెంటనే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడే సలహాదారులు ఉంటారు. బిడ్డకో తనకో హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తోందని ఆమె చెబితే అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, ఒంటరిగా ఉంచకండి.

ప్రశ్న: ఏడాది బాబు రాత్రి నిద్రపోవడం లేదంటే, మందుల షాపులో జలుబు సిరప్ ఇచ్చి రోజూ అరచెంచా పట్టమన్నారు. బాగా నిద్రపోతున్నాడు. కొనసాగించవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాదు జిల్లా

జవాబు: ఈ రాత్రి నుంచే ఆపేయండి. అలాంటి సిరప్‌లలో నిద్ర రావడం మందు వల్ల కలిగే మత్తు మాత్రమే, దానితో బాబు నిద్రపోవడం నేర్చుకోడు. వాటిలో కొన్నింటిలో ఉండే ప్రొమెథజిన్ అనే మందు రెండేళ్ళలోపు పిల్లలకు ఇస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ వయసులో దాన్ని వాడకూడదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులను నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద రాయాలని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. మీ సీసా మీద ఆ పేర్లున్నాయేమో చూడండి. ఉన్నా లేకున్నా దాన్ని తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఎన్ని రోజులు, ఎంత పట్టారో చెప్పండి. మందు ఆపాక నాలుగైదు రాత్రులు బాబు మళ్ళీ లేవవచ్చు. ఆ రాత్రులకు సిరప్‌కు బదులు ఇంకేదో పట్టవద్దు. పైన చెప్పిన సాయంత్రపు వరుసను ఆ రోజు నుంచే మొదలుపెట్టండి. ఈలోగా బాబు ఎంత పిలిచినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఊపిరి తీయడం కష్టంగా కనిపించినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి.